బాలవాడికి టీవీ వచ్చింది

మా చర్చి ఆవరణలోని రేకుల షెడ్డులో పన్నెండేళ్ళుగా ఒక బాలవాడి నడుస్తోంది. మూడు నుంచి ఐదేళ్ళ వయసు పిల్లలు ఇరవై ఇద్దరు వస్తారు. వారి తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలి పనులకు వెళ్ళేవారే. నాట్ల కాలంలో తల్లులు తెల్లవారకముందే ఆటో ఎక్కి వెళ్ళిపోతారు. తొమ్మిది గంటలకు నాయనమ్మలో అమ్మమ్మలో పిల్లల చెయ్యి పట్టుకుని బాలవాడికి తీసుకువస్తారు. ఒక టీచరమ్మ, ఒక ఆయా. పలకలు, బలపాలు, ఒక నల్లబల్ల, డబ్బా నిండా చింతపిక్కలు, కొన్ని కొయ్యబొమ్మలు, బయట ఇసుక కుప్ప. ఇదీ మా బాలవాడి ఆస్తి.

క్రితం ఏడాది దసరా సెలవుల తర్వాత ఈ ఆస్తికి ఒక పెద్ద టీవీ తోడైంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన మా సంఘపు సోదరి ఒకామె తన జీతంలో మిగిల్చి డబ్బు పంపింది. ఆమె నాలుగేళ్ళ పాప కూడా ఈ బాలవాడికే వస్తుంది. "టౌనులో కాన్వెంటు పిల్లలు టీవీలో చూసి నేర్చుకుంటున్నారట అయ్యగారూ, మన పిల్లలు మాత్రం ఎందుకు వెనకబడాలి?" అని ఫోనులో పాస్టరుగారిని అడిగింది. ఆమె మాటలో న్యాయముంది. గోడకు టీవీ బిగించిన రోజు కమిటీవారము, స్త్రీల సమాజంవారము అందరమూ వెళ్ళి చూసి సంతోషించాము. దానితో రేపటినుంచి ఏం చేయాలన్నది మాత్రం మాలో ఒక్కరమూ అడగలేదు.

ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడంవల్ల ఏం జరిగిందో, తర్వాత మేమెలా దిద్దుకున్నామో మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. మీ సంఘంలో బాలవాడి లేకపోవచ్చు. కాని మీ ఊరి అంగన్‌వాడీలో టీవీ ఉండవచ్చు, మీ ఇంట్లో సెల్‌ఫోను తప్పక ఉంటుంది. కనుక ఇది మీ సంగతి కూడా.

రెండు నెలల్లో మేము చూసినవి

మొదట్లో రోజూ పావుగంట పాటలు పెట్టేవారు. పిల్లలు చప్పట్లు కొట్టి ఎగిరేవారు. ఒకరోజు ఆయా రాలేదు. అన్నం వండడం, పిల్లలను కాలకృత్యాలకు తీసుకువెళ్ళడం అన్నీ టీచరమ్మ ఒక్కతే చూసుకోవలసి వచ్చింది. పాపం, టీవీ పెట్టి వెళ్ళింది. పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ఆ సుఖం ఒకసారి తెలిశాక పావుగంట అరగంటయింది, అరగంట గంటయింది. క్రిస్మసు నాటికి రోజుకు రెండు గంటలు దాటింది.

దారిన పోయేవారు కిటికీలోంచి చూసి, "ఎంత బుద్ధిగా కూర్చున్నారో!" అని మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాము. ఇసుక కుప్ప మీద అడుగుల గుర్తులు కనబడకుండా పోయినా, చింతపిక్కల డబ్బా అటక ఎక్కినా మాకు పట్టలేదు.

పట్టించుకున్నది టీచరమ్మే. ఒక బాబు ఒకటి నుంచి ఇరవై వరకు ఇంగ్లీషులో గడగడా చెబుతున్నాడు. "నాలుగు చింతపిక్కలు ఇవ్వు నాన్నా" అంటే గుప్పెడు తీసి పోస్తున్నాడు. టీవీ పంపిన సోదరి కూతురు ఇంగ్లీషు పాట తప్పులేకుండా పాడుతోంది. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంటే నోరు విప్పడం లేదు. రాత్రి కథ చెబుతానన్నా ఫోనే కావాలంటోందని వాళ్ళ నాయనమ్మ చెప్పింది.

"నన్ను తప్పు పట్టకండి. పిల్లలు అల్లరి మానేశారనుకున్నాను గాని, మాటలే మానేశారు" అని టీచరమ్మ కమిటీ ముందుకు వచ్చి చెప్పింది. అంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఆమెకు మేము ఋణపడి ఉన్నాము. తప్పు ఆమెది కాదు. ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరికి అప్పగించి, ప్రణాళిక లేకుండా యంత్రాన్ని చేతికిచ్చినవారము మేము.

ఆ రోజు కమిటీలో పెద్ద చర్చే జరిగింది. టీవీ ఊడదీసి అమ్మేద్దామన్నారు కొందరు. పంపిన బిడ్డ మనసు నొచ్చుకుంటుందన్నారు కొందరు. చివరకు నెల రోజులు దానిమీద దుప్పటి కప్పి, ఈలోగా తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకోవాలని నిర్ణయించాము.

తెర జవాబు చెప్పదు

మేము తెలుసుకున్నవాటిలో మూడు సంగతులు మా కళ్ళు తెరిపించాయి.

మొదటిది అమెరికాలో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ప్రచురించిన పరిశోధన. తొమ్మిది నెలల అమెరికా పసిపిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరి ముందు ఆ భాష మాట్లాడే మనిషి కూర్చుని పన్నెండుసార్లు ఆడించి, పుస్తకాలు చదివి వినిపించారు. మరి కొందరికి అదే మనిషిని, అవే మాటలను టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనులను గుర్తుపట్టగలిగారు. టీవీలో చూసినవారికి అది అబ్బలేదు.

రెండవది 2010లో జూడీ డిలోచ్ అనే ఆమె, ఆమె సహచరులు వెలువరించినది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు మాటలు నేర్పే వీడియోను నాలుగు వారాలపాటు ఇళ్ళలో చూపించారు. ఆ వీడియో చూసినవారు అసలు చూడనివారికంటే ఎక్కువ మాటలేమీ నేర్చుకోలేదు. ఏ వీడియో లేకుండా, ఇంటి పనుల మధ్య తల్లిదండ్రులే ఆ మాటలను నేర్పిన పిల్లలు అందరికంటే ముందున్నారు. వీడియో నచ్చిన తల్లిదండ్రులు మాత్రం తమ బిడ్డ బాగా నేర్చుకుందని నమ్మారట! ఇది చదివినప్పుడు కిటికీ బయట నిలబడి మెచ్చుకున్న మేమే మాకు గుర్తొచ్చాము.

మూడవది మాకు ఆశ కలిగించింది. 2014లో వెలువడిన మరొక పరిశోధనలో రెండేళ్ళు దాటిన పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పారు. ఎదుట కూర్చున్న మనిషి దగ్గర నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో తమతో మాట్లాడిన మనిషి దగ్గర కూడా నేర్చుకున్నారు. ముందుగా రికార్డు చేసిన వీడియోనుంచి మాత్రం నేర్చుకోలేదు. రెండూ తెరలే గదా, తేడా ఎక్కడుంది? వీడియో కాల్‌లో మనిషి బిడ్డను చూసి నవ్వుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది, బిడ్డ చెప్పేవరకు ఆగుతుంది. రికార్డు ఆగదు. బిడ్డ పలికినా, ఊరుకున్నా, నిద్రపోయినా దాని దారిన అది పోతుంది.

పసిబిడ్డ జవాబిచ్చేవారి దగ్గర నేర్చుకుంటుంది. టీవీ అయినా, సెల్‌ఫోను అయినా, టాబ్లెట్ అయినా జవాబిచ్చే మనిషికి సాయంగా ఉంటే మేలు. ఆ మనిషిని పక్కకు నెట్టి తాను కూర్చుంటే కీడు. మా ప్రణాళిక అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

ఎంతసేపు చూడవచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల విషయంలో కొన్ని హద్దులు చెప్పింది. రెండేళ్ళలోపు పిల్లలకు తెరలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వయసువారు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజులో కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించి ఆడాలి. అందులో 60 నిమిషాలైనా చెమట పట్టే ఆట కావాలి. పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలి. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2022లో ప్రచురించిన సూచనలు కూడా దాదాపు ఇవే. రెండేళ్ళలోపు అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళవారికి గంటకు మించకుండా, అదీ పెద్దలు పక్కనుండగానే చూపాలనీ వారు చెప్పారు.

ఈ గంట బాలవాడికి వేరు, ఇంటికి వేరు కాదని గమనించాలి. రోజు మొత్తానికి ఒక్కటే గంట. మేము రెండు గంటలు చూపించి పంపితే, ఇంటి దగ్గర అన్నం తినేటప్పుడు ఇంకొక గంట, రాత్రి పడుకునేముందు మరొకటి. లెక్క వేసుకుని చూసి మేమే భయపడ్డాము.

మనకిది మొదటిసారి కాదు

పల్లెకు టీవీ వచ్చి పిల్లలకు పాఠం చెప్పడం మన రాష్ట్రంలో ఎప్పుడో జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో దేశంలోని ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందించారు. దానిని సైట్ ప్రయోగం అన్నారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు అని ముందే విభజించారు. ఒక్కొక్క భాషలో పిల్లల కార్యక్రమం అరగంటలోపే. సెట్లు బాగుచేసే ఏర్పాటు, ఉపాధ్యాయుల శిక్షణ కూడా ఆ ప్రణాళికలో భాగమే. ఐదేళ్ళు దాటిన పిల్లల కోసమే అంత ముందాలోచన చేశారంటే, మూడేళ్ళ పసివారి విషయంలో మనమెంత ఆలోచించాలి?

అదే 1975లో అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీలు వచ్చాయి. నేడు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. 2021నుంచి కార్యకర్తలు పిల్లల బరువు, ఎత్తు, హాజరు వివరాలను ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో నమోదు చేస్తున్నారు. దేశంలో రెండు లక్షల అంగన్‌వాడీలను మెరుగుపరిచే కార్యక్రమంలో మంచినీటి శుద్ధి యంత్రం, పెరటి తోటలతోపాటు ఎల్‌ఈడీ తెరలు కూడా ఉన్నాయి. అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో నూటికి 36 మాత్రమే. 2022 నాటికి అవి 75కు చేరుకున్నాయి. తెర మన గడప దాటి లోపలికి వచ్చేసింది. ఇక దానిని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించుకోవడమే మన చేతిలో ఉంది.

బాగా ఉన్న దేశాలు కూడా ఈ విషయంలో వెనక్కి తిరిగి ఆలోచించాయి. స్వీడన్‌లో 2019నుంచి అమలైన శిశు విద్యా ప్రణాళికలో డిజిటల్ పరికరాల వాడకాన్ని చేర్చారు. 2023లో ఆ దేశపు ప్రభుత్వమే పసిపిల్లల బడుల్లో ఆ నిర్బంధాన్ని తొలగిస్తామని ప్రకటించి, పుస్తకాలవైపు మొగ్గు చూపింది. కనుక టీవీ లేని బాలవాడి వెనకబడిన బాలవాడి అని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు.

మేము వేసుకున్న ప్రణాళిక

నెల గడిచాక దుప్పటి తీశాము. అయితే తీసేముందు నాలుగు ప్రశ్నలు ఒక అట్టమీద రాసి టీవీ పక్కన తగిలించాము. ఎందుకు చూపుతున్నాము? ఎంతసేపు? పక్కన ఎవరుంటారు? చూసిన తర్వాత పిల్లలు చేతులతో ఏం చేస్తారు? ఈ నాలుగింటికీ టీచరమ్మ దగ్గర జవాబుంటేనే స్విచ్ వేయాలి. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ రోజు టీవీ లేదు.

వారానికి రెండు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు మాత్రమే అనుకున్నాము. ఇంటర్నెట్ నేరుగా పెట్టడం మానేశాము. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే వచ్చి పడుతుంది, అది ఏదో మనకు తెలియదు. స్త్రీల సమాజంలో చదువుకున్న ఇద్దరు అక్కలు శనివారం కూర్చుని, వచ్చే వారానికి కావలసినవి ముందే పూర్తిగా చూసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తారు. తెలుగులో ఉన్నవాటికే మొదటి చోటు.

ఒక వారం ఎలా నడిచిందో చెబుతాము. ఆ వారపు పాఠం "విత్తనం". సోమవారం పిల్లలు ఇళ్ళనుంచి తలా గుప్పెడు గింజలు తెచ్చారు. వడ్లు, పెసలు, మినుములు, కందులు, ధనియాలు. రంగు చూసి, పరిమాణం చూసి వేరుచేశారు, లెక్కపెట్టారు. మంగళవారం కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి పెసలు నాటారు. బుధవారం మొలక మట్టిలోనుంచి పైకి వచ్చే వీడియో నాలుగు నిమిషాలది చూపించారు. రోజుల తరబడి జరిగేది క్షణాల్లో కళ్ళముందు జరగడం టీవీ మాత్రమే చూపగలదు. అక్కడ టీవీకి నిజంగా పనుంది. మధ్యలో రెండుసార్లు ఆపి, "ఇప్పుడేమవుతుంది?" అని టీచరమ్మ అడిగింది. ఆపి అడగడమే అసలు పాఠం. గురు, శుక్రవారాల్లో పిల్లలు తమ చిప్పల్లోకి తొంగి చూసి, పలకమీద మొలక బొమ్మ గీశారు. "నాది ఇంకా నిద్దరపోతంది టీచర్" అని ఒక పాప అంది. రెండు నెలలుగా మాకు వినబడని మాటలు ఇవే.

టీచరమ్మ సెల్‌ఫోనుకు కూడా మంచి పనులు దొరికాయి. ఊళ్ళో ఒక ముసలమ్మకు పాత లాలిపాటలు, పొడుపు కథలు చాలా వచ్చు. వాటిని రికార్డు చేసుకుని, మధ్యాహ్నం నిద్రవేళ తెర లేకుండా శబ్దం మాత్రం వినిపిస్తున్నారు. ఫోను లైటు వేసి గోడమీద చేతులతో కుక్క, కుందేలు నీడలాడిస్తున్నారు. పిల్లలు కట్టిన ఇసుక ఇళ్ళను ఫొటో తీసి, మర్నాడు వారికే చూపించి, "ఇదెలా కట్టావు?" అని అడుగుతున్నారు. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా స్టేటస్‌లలో పెట్టకూడదని నియమం కూడా పెట్టుకున్నాము.

చింతపిక్కల డబ్బా అటక దిగింది. మదాం మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో పిల్లలు గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడిమి నేర్చుకుంటారు. మా స్త్రీల సమాజంవారు అట్టలమీద జిగురు పూసి, సన్న ఇసుక చల్లి, అ నుంచి అః వరకు చేసి ఇచ్చారు. ఖర్చు ఒక గమ్ము డబ్బా.

కొనేముందు కమిటీ పెద్దలకు ఒక మాట

మీ సంఘంలోనూ ఎవరో ఒకరు టీవీయో టాబ్లెట్లో ఇస్తామనవచ్చు. కృతజ్ఞతతో తీసుకోండి. కాని ముందు ఆయా జీతం సరిగా ఇస్తున్నామా అని చూసుకోండి. మా బాలవాడిలో టీవీ రెండు గంటలకు పెరగడానికి కారణం ఆయా రాకపోవడం. ఆమెకు మూడు నెలల జీతం బాకీ పడి, కోతలకు వెళ్ళిపోయింది. కమిటీగా మేమది ఒప్పుకోవాలి. బాకీ తీర్చి, నెలకు కొంత పెంచాక ఆమె తిరిగి వచ్చింది. మా ప్రణాళిక నిలబడటానికి అదే పెద్ద కారణం.

యంత్రం ధర ఒక్కటే ఖర్చు కాదు. పల్లె కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు కావాలి. వైర్లు పిల్లల చేతికందకుండా పైనుంచి తీయాలి. చెడిపోతే ఎవరు బాగుచేయిస్తారో, రిమోటు ఎవరి దగ్గర ఉండాలో ముందే రాసుకోవాలి. కరెంటు పోయిన రోజు కూడా పాఠం ఆగకుండా నడిచేలా ఉంటే మీ ప్రణాళిక మంచిదని అర్థం.

ఇంటి దగ్గర

తల్లులారా, నాయనమ్మలారా, మిమ్మల్ని నిందించడానికి కాదు. పొలంనుంచి వచ్చి పొయ్యి వెలిగించేటప్పుడు ఏడ్చే బిడ్డ చేతిలో ఫోను పెట్టడం ఎందుకో మాకు తెలుసు, మేమూ పెట్టినవారమే. అయినా మూడు వేళల్లో ఫోను దూరంగా ఉంచుదాం: అన్నం తినేటప్పుడు, పడుకునేముందు ఒక గంట, బిడ్డ ఏడ్చినప్పుడు. వంట దగ్గర ఒక చేటలో నాలుగు చిక్కుడుకాయలు వేసి ఒలవమనండి. "ఇందులో ఎన్ని గింజలున్నాయే?" అని అడగండి. అది గణితం. పనిలో ఉండే ఇబ్బందులు చెప్పుకుంటూ మాట్లాడండి. అది భాష. చదువురాని నాయనమ్మ కూడా పసిబిడ్డకు గొప్ప గురువు కాగలదు, ఎందుకంటే ఆమె జవాబు చెబుతుంది.

ఇంకొక సంగతి. పేరుపెట్టి పిలిచినా పలకకపోవడం, వయసుకు తగిన మాటలు రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనబడితే ఫోను మాన్పించి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. వినికిడి లోపం కావచ్చు, మరేదైనా కావచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి ఎదుగుదల లోపాలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీ అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు. ఎంత ముందుగా చూపితే అంత మేలు.

శుక్రవారం పదకొండు గంటలకు

టీవీ పంపిన సోదరికి ఈ సంగతులన్నీ ఎలా చెప్పాలా అని మేము చాలా రోజులు వెనకాడాము. చివరకు టీచరమ్మే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, "నా పాపకు మాటలు తగ్గినాయని నాకూ ఫోనులో తెలుస్తానే ఉంది టీచరమ్మా, నేను లేనందుకే అనుకున్నా" అందట.

ఆ మాట విన్నాక మా ప్రణాళికలో ఇంకొక గీత చేర్చాము. శుక్రవారం ఆమెకు సెలవు. మనకు ఉదయం పదకొండు గంటలైతే అక్కడ ఎనిమిదిన్నర. ఆ వేళకు ఆమె పంపిన టీవీకే ఫోను కలిపి వీడియో కాల్ చేస్తాము, పది నిమిషాలు. పిల్లలు ఆ వారం చేసినవి చూపిస్తారు, ఆమె ప్రశ్నలడుగుతుంది. మొదటి శుక్రవారం ఆమె కూతురు టీచరమ్మ కొంగు చాటునుంచి రాలేదు. రెండవ వారమూ అంతే. మొలకల వారంలో మాత్రం తన కొబ్బరి చిప్ప రెండు చేతులతో పట్టుకుని టీవీ ముందుకు వచ్చింది.

"ఇదేంటే బంగారూ?" అని తల్లి అడిగింది.

"పెసర మొక్క. నేనే ఏసినా. నీళ్ళు కూడా నేనే పోసినా. నువ్వెప్పుడొస్తావు?"

తల్లి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. పాప కదలకుండా ఆ తెరకేసి చూస్తూ నిలబడింది. "సంక్రాంతికి వస్తానమ్మా" అన్నాక చిప్పను జాగ్రత్తగా కిటికీలో పెట్టి, మిగతా పిల్లలతో ఇసుకలోకి పరిగెత్తింది.